ఉదయగిరిలో గెలిచి, కర్ణాటక మీదుగా ఢిల్లీకి

వెంకయ్యనాయుడు పేరెత్తితే చాలు, మా నెల్లూరులో ఎవరో ఒకరు "ఆయనెప్పుడన్నా జనం ఓట్లతో గెలిచినాడా, అంతా రాజ్యసభే గదా" అని ఒక మాట విసురుతారు. ఆయన పార్టీ బీజేపీ మీద నాకు ప్రత్యేకంగా ప్రేమేం లేదు గానీ ఈ మాట మాత్రం ఒప్పుకోను.

మా జిల్లాలోని ఉదయగిరి అసెంబ్లీ సీటు సంగతి చూడండి. 1978లో రాష్ట్రమంతా ఇందిరమ్మ గాలి, 294 సీట్లలో 175 ఆమె కాంగ్రెస్‌కే. జై ఆంధ్ర ఉద్యమంలో తిరిగి, ఎమర్జెన్సీలో జైలుకెళ్లొచ్చిన మన చవటపాలెం కుర్రాడు వెంకయ్య, ముప్పై ఏళ్లు కూడా నిండకుండానే, అదే ఎన్నికల్లో జనతా పార్టీ తరఫున నెగ్గాడు. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనం. బీజేపీకి రాష్ట్రం మొత్తం మీద వచ్చిందే 3 సీట్లు, అందులో ఒకటి మళ్లీ ఉదయగిరే! రెండుసార్లూ గాలికి ఎదురెళ్లి గెలిచాడు. ఆ మెట్ట ఊళ్లలో పార్టీని కాదు, మనిషిని చూసి ఓటేశారనే నేననుకుంటా.

లోక్‌సభకి ఎన్నడూ గెలవలేదు, నిజమే. మరి రాజ్యసభకైనా మన రాష్ట్రం నుంచి ఎందుకు పోలేదంటే, అక్కడ ఓటేసేది ఎమ్మెల్యేలు. అప్పట్లో ఇక్కడ ఆరు సీట్లు ఖాళీ అయితే ఒక్కోదానికి 43 మంది ఎమ్మెల్యేలు కావాలి, బీజేపీకి ఇక్కడ అంతమంది ఎక్కడున్నారు? అందుకే 1998లో కర్ణాటక. ఆ రోజుల్లో ఏ రాష్ట్రం నుంచి పోటీ చేస్తే ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలని రూలు కూడా ఉండేది, 2003లో తీసేశారు. 2004లో, 2010లో మళ్లీ కర్ణాటకే, 2016లో రాజస్థాన్.

వాజ్‌పేయి ప్రభుత్వంలో గ్రామీణాభివృద్ధి మంత్రిగా ఉన్నప్పుడే, 2000 డిసెంబర్ 25న, గ్రామ సడక్ యోజన మొదలైంది. రోడ్డు లేని ఊరికి రోడ్డు వేయడమే దాని పని, రాజకీయం ఎట్టా ఉన్నా అది మంచి పథకం. తర్వాత పార్టీ జాతీయ అధ్యక్షుడు, 2017 ఆగస్టు నుంచి అయిదేళ్లు ఉపరాష్ట్రపతి. అంటే ఏ సభను దొడ్డిదారి అని ఇక్కడ ఎగతాళి చేశారో ఆ సభకే ఛైర్మన్. 22 భాషల్లో దేంట్లోనైనా మాట్లాడే వీలు సభ్యులకి దొరికింది కూడా ఆయన హయాంలోనే.

నా కోపం వేరే. 2014 ఫిబ్రవరి 20న, విభజన బిల్లు రోజు, మన్మోహన్ ప్రత్యేక హోదా అయిదేళ్లు అంటే, కాదు పదేళ్లు కావాలని పట్టుబట్టింది ఈ కర్ణాటక సభ్యుడే. అప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. రెండున్నరేళ్లు తిరిగేసరికి హోదా పోయి ప్యాకేజీ వచ్చింది, కేంద్ర మంత్రిగా దాన్ని వెనకేసుకొచ్చిందీ ఆయనే. ఆ విషయంలో ఎవరెంత తిట్టినా నేను అడ్డం రాను.