ఏం పోయిందో కాదు, ఏం మిగిలిందో: వెన్నుపాము ప్రశ్నల్లో అరుదైన జబ్బులు

వైద్య పరీక్షల్లో వెన్నుపాము ప్రశ్న కనబడగానే చాలామంది పోయినవాటిని లెక్కపెడతారు: కాళ్లలో బలం లేదు, స్పర్శ తగ్గింది, మూత్రం ఆగిపోయింది. జవాబు మాత్రం చాలాసార్లు పోకుండా మిగిలినదాంట్లో ఉంటుంది. "వైబ్రేషన్, పొజిషన్ సెన్స్ మామూలుగానే ఉన్నాయి" అన్న ముక్కను ప్రశ్న రాసినవాళ్లు ఊరికే పెట్టరు.

దీనికి మూడు ట్రాక్టులు (నరాల దారులు) గుర్తుంటే చాలు. డోర్సల్ కాలమ్ (వైబ్రేషన్, పొజిషన్ అంటే అవయవం ఎక్కడుందో తెలియడం), కార్టికోస్పైనల్ (కదలిక) రెండూ మెదడు అడుగుభాగమైన మెడుల్లాలో అవతలి పక్కకు దాటుతాయి. నొప్పినీ వేడి-చల్లదనాన్నీ మోసే స్పైనోథలామిక్ మాత్రం వెన్నుపాములోనే, ఒకటి రెండు సెగ్మెంట్ల లోపే, అవతలి పక్కకు దాటుతుంది. అందుకే వెన్నుపాము సగం తెగిన బ్రౌన్-సెకార్డ్‌లో బలహీనత ఒక కాలికి, నొప్పి తెలియకపోవడం రెండో కాలికి వస్తాయి.

ఆ దాటే చోటే దెబ్బతింటే సిరింగోమైలియా (వెన్నుపాము మధ్యలో నీటి బొర్ర). రెండు చేతుల్లో, భుజాల మీద శాలువా కప్పినంత మేర నొప్పి, వేడి తెలియవు, మామూలు స్పర్శ తెలుస్తుంది. దానికి పైనా కిందా నొప్పి, వేడి బాగానే తెలుస్తాయి. అరచేతి కండరాలు సన్నబడి, కాళ్లలో రిఫ్లెక్సులు చురుగ్గా ఉంటే అనుమానం అక్కర్లేదు, కియారీ 1 (చిన్నమెదడు అడుగుభాగం మెడలోకి జారడం) కోసం చూడండి. వెన్నుపాము ముందు భాగానికి రక్తమిచ్చే యాంటీరియర్ స్పైనల్ ఆర్టరీ మూసుకుపోతే నొప్పి, ఉష్ణోగ్రత ఆ లెవెల్ నుంచి కిందికంతా పోతాయి, కాళ్లూ పడిపోతాయి, వైబ్రేషన్ నిలుస్తుంది. బృహద్ధమని ఆపరేషన్ తర్వాత నిమిషాల్లో, గంటల్లో ఇలా అయిందని రాస్తే ఇక వేరే ఆలోచన వద్దు.

అసలు తికమక డోర్సల్ కాలమ్ జబ్బుల దగ్గర. కళ్లు మూసుకుంటే తూలిపోయే రోగి ఎదురైతే ముందు బాబిన్స్కీ (అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం) చూడండి. టేబిస్ డోర్సాలిస్‌లో (సిఫిలిస్ ముదిరి వచ్చేది) రిఫ్లెక్సులు ఉండవు, బాబిన్స్కీ కూడా రాదు, ఎందుకంటే కార్టికోస్పైనల్‌కు దెబ్బ లేదు. కాళ్లలో మెరుపులా పొడిచే నొప్పులు, వెలుతురుకు స్పందించని చిన్న ప్యూపిల్స్ తోడవుతాయి. విటమిన్ బి12 లోపంలో డోర్సల్ కాలమ్, కార్టికోస్పైనల్ రెండూ చెడతాయి కాబట్టి బాబిన్స్కీ వస్తుంది. పెరిఫెరల్ నరాలు కూడా దెబ్బతింటే చీలమండ రిఫ్లెక్స్ మాయమవుతుంది. బాబిన్స్కీ ఉండి రిఫ్లెక్స్ లేని ఈ జంట వంశపారంపర్యంగా వచ్చే ఫ్రీడ్రైక్ అటాక్సియాలోనూ ఉంటుంది, కానీ అక్కడ టీనేజీ వయసు, వంగిన వెన్ను, ఎత్తైన పాదం వంపు, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (గుండె కండరం మందమవడం) కనబడతాయి.

సీరం బి12 నార్మల్ అని రాసి మిమ్మల్ని తప్పుదారి పట్టించే ప్రశ్న ఒకటి ఉంది. నైట్రస్ ఆక్సైడ్ పదేపదే పీల్చినవాళ్లలో బి12 ఉన్నా పనిచేయదు, అందులోని కోబాల్ట్ ఆక్సిడైజ్ అయిపోతుంది. అప్పుడు మిథైల్‌మెలోనిక్ యాసిడ్, హోమోసిస్టీన్ పెరిగి ఉన్నాయా చూడాలి. అవి కూడా నార్మల్‌గా ఉండి, రక్తహీనతతో పాటు న్యూట్రోఫిల్స్ తగ్గి ఉంటే రాగి లోపం గుర్తుకు రావాలి. ప్రశ్నలో గ్యాస్ట్రిక్ బైపాస్ గానీ, జింక్ ఎక్కువగా వాడిన చరిత్ర గానీ ఎక్కడో దాక్కుని ఉంటుంది. జింక్ పేగు కణాల్లో మెటలోథయోనిన్‌ను పెంచుతుంది, అది రాగిని పట్టేసి లోపలికి పోనివ్వదు.

స్పర్శకు ఏమీ కాకుండా, ఒకే అవయవంలో కండరాలు సన్నబడటం, రిఫ్లెక్సులు పెరగడం రెండూ ఉంటే ఏఎల్ఎస్ (కదలిక నరాలు క్షీణించే జబ్బు). దీని మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు.

డ్యూరల్ ఆర్టీరియోవీనస్ ఫిస్టులాను (వెన్నుపాము పొరలో ధమని నేరుగా సిరలో కలిసిపోవడం) మాత్రం తక్కువగా చదువుతారు. నడివయసు దాటిన పురుషుడు, నడిచేకొద్దీ కాళ్లు బలహీనం, నెలల తరబడి మెట్లు దిగినట్టు క్షీణత. లంబార్ కెనాల్ స్టెనోసిస్ (నడుము దగ్గర వెన్ను కాలువ ఇరుకవడం) అని టిక్ పెట్టేస్తారు. కానీ వెన్నుపాము ఎల్1-ఎల్2 దగ్గరే ముగుస్తుంది, దాని కింద ఇరుకైతే బాబిన్స్కీ రాదు. వస్తే పైకి చూడాలి: ఎంఆర్ఐ టీ2లో వెన్నుపాము వాపు, వెనక నల్లటి మెలికల్లా రక్తనాళాలు. మైలైటిస్ (వెన్నుపాము ఇన్ఫ్లమేషన్) అనుకుని స్టెరాయిడ్ ఇస్తే కొందరిలో బలహీనత ఇంకా పెరుగుతుంది. ఆ వాక్యం ప్రశ్నలో కనబడితే అదే సూచన.

మైలైటిస్ విషయానికొస్తే, ఎంఆర్ఐలో మచ్చ పొడవు చూడండి. వెన్నుపూసల లెక్కలో 3 లేదా అంతకన్నా ఎక్కువ సెగ్మెంట్లు ఉండి, ఆగని ఎక్కిళ్లు, వాంతులు కూడా చెబితే న్యూరోమైలైటిస్ ఆప్టికా కోసం ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్ష. మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలు సాధారణంగా పొట్టిగా, ఒక పక్కగా ఉంటాయి.

ఇక గియాన్-బారే (వెన్నుపాము బయటి నరాలు దెబ్బతిని కాళ్లు పడిపోయే జబ్బు) అని తొందరపడి రాసే ప్రశ్న. కొత్తగా వచ్చిన వెన్నుపాము దెబ్బలో స్పైనల్ షాక్ వల్ల మొదట కాళ్లు వదులుగా, రిఫ్లెక్సులు లేకుండా ఉంటాయి. పొట్ట మీద ఫలానా గీత కింద స్పర్శ లేదని, మొదటి రోజే మూత్రం ఆగిందని రాసి ఉంటే అది వెన్నుపామే. తర్వాతి అడుగు లంబార్ పంక్చర్ (నడుము నుంచి వెన్ను నీరు తీయడం) కాదు, అత్యవసరంగా ఎంఆర్ఐ. రోగికి క్యాన్సర్ చరిత్ర ఉండి వెన్నుపాము నొక్కుకుపోయినట్టు లక్షణాలు గట్టిగా ఉంటే, స్కాన్ కోసం ఆగకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టే ఆప్షన్ ఎంచుకోండి.