పాత టైల్స్ గ్రౌట్ తీయడానికి మల్టీటూల్: బ్లేడు మందం ముందు చూడండి

మన వైపు బాత్రూముల్లో ముందు పాడయ్యేది టైలు కాదు, టైలుకీ టైలుకీ మధ్య సందు, అంటే అందులో నింపిన గ్రౌట్. ఎక్కువ ఇళ్లలో కారణాలు రెండే. ఒకటి యాసిడ్. బోరు నీళ్ల వల్ల టైల్స్ మీద కట్టే తెల్ల పొర వదలాలని బాత్రూం యాసిడ్ పోసి చీపురుతో రుద్దుతారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. టైలు పైనున్న గాజు పూతని పెద్దగా ఏమీ చేయదు గానీ, సందులో ఉన్నది వైట్ సిమెంటు కాబట్టి కడిగిన ప్రతిసారీ దాన్ని కొంచెం తినేస్తుంది. రెండోది కింది నుంచి ఎక్కే చెమ్మ. నరసాపురం, మొగల్తూరు, మలికిపురం లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో నేలలోనే ఉప్పుంటుంది. చెమ్మ సందులోంచి ఆరిపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే గడ్డకట్టి గ్రౌట్‌ని లోపల్నుంచి పిండి చేస్తుంది. వేలితో రాస్తే తెల్లటి పొడి రాలుతోందంటే ఇదే సంగతి.

గుంటలు పడ్డ సందుల మీద మళ్లీ వైట్ సిమెంటు మెత్తేయడం చాలామంది చేసే పని. పైపైన వేసిన పల్చటి పూత పాతదాన్ని పట్టుకోదు, కొద్ది నెలల్లో పెచ్చులుగా లేస్తుంది. కొత్తది నిలవాలంటే టైలు మందంలో మూడింట రెండు వంతుల లోతు దాకా పాతది తీసేయాలి. గోడ టైలు 7-8 మి.మీ. ఉంటుంది కాబట్టి 5 మి.మీ. లోతు, 9 మి.మీ. నేల టైలుకి 6 మి.మీ. అంతకన్నా లోతుకి వెళ్లి లాభం లేదు. బాత్రూంలో టైలు కింద వాటర్‌ప్రూఫింగ్ ఉంటుంది, గోడలో పైపులుంటాయి.

టైల్స్ మేస్త్రులు దీనికి కూడా 4 అంగుళాల గ్రైండరే తీస్తారు. అలవాటున్న చేతిలో అది వేగంగా పని చేస్తుంది, కాదనను. కానీ బ్లేడు నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఒక్కసారి ఎగిరిపడిందంటే టైలు మీద అడ్డంగా కోత పడుతుంది, ఆ టైలు ఇప్పుడు బజారులో దొరకదు. మల్టీటూల్ అనే చేతి మిషనులో బ్లేడు గుండ్రంగా తిరగదు. అటూ ఇటూ కలిపి సుమారు 3 డిగ్రీలు మాత్రమే ఊగుతుంది, నిమిషానికి 10,000 నుంచి 20,000 సార్లు. చేయి జారితే గీత పడొచ్చు గానీ టైలు తెగదు. దుమ్ము కూడా గది నిండా చిమ్మదు. నెమ్మది అన్న మాట నిజమే. హాలు మొత్తం తీయాలంటే దీనితో ఓపిక చచ్చిపోతుంది, బాత్రూముకీ వంటింటి గట్టు పైన గోడకీ ఇదే సరైనది.

అసలు విషయం బ్లేడు. గ్రౌట్‌కి పళ్ల బ్లేడు పనికిరాదు. చెక్కకి, ఇనుముకి వాడే పళ్లు అడుగు దూరంలోపే నున్నగా అరిగిపోతాయి. అంచున కార్బైడ్ రవ్వ గానీ డైమండ్ రవ్వ గానీ అతికిన అర్ధచంద్రాకారపు బ్లేడు కావాలి. గరుకు కాగితంలా చేతికి గరగరలాడుతుంది. కార్బైడ్ చవక, మెత్తటి వైట్ సిమెంటుకి చాలు. ఇసుక కలిపిన గట్టి గ్రౌట్ అయితే డైమండ్‌కే డబ్బులు పెట్టండి, ఎక్కువ కాలం వస్తుంది. ఇక మందం: పల్చటివి 1.1-1.2 మి.మీ. దగ్గర, మందమైనవి 2 మి.మీ. పైన ఉంటాయి. సందు కన్నా బ్లేడు పల్చగా ఉండి తీరాలి. సమానంగా ఉన్నా సరే, ఊగేటప్పుడు రెండు వైపులా టైలు అంచుల్ని కొరికేస్తుంది.

కొలవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. హ్యాక్సా బ్లేడు సుమారు 0.65 మి.మీ. మందం. రెండు బ్లేడులు జోడించి, పళ్లు లేని వైపు గ్రౌట్ రాలిన చోట సందులో పెట్టి చూడండి. వదులుగా దూరితే పల్చటి బ్లేడుకి చోటున్నట్టు. ఒక్కటే బిగుతుగా దూరిందంటే అది పేపర్ జాయింటు, అంటే ఖాళీ వదలకుండా టైలుకి టైలు ఆనించి వేసినది. దానిలోకి ఏ మిషనూ పెట్టకండి. అదే హ్యాక్సా ముక్కతో చేత్తో గీకినంత గీకి వదిలేయడమే. కొనేముందు బ్లేడు నడిమి కన్నం మీ మిషనుకి కూర్చుంటుందో లేదో చూసుకోండి. స్టార్‌లాక్ అనే గిన్నె ఆకారపు బిగింపు బ్లేడు పాత చదును తలకి పట్టకపోవచ్చు.

ఎంత పని ఉందో ముందే లెక్క కట్టుకోవచ్చు. అడుగు చదరపు టైలు అయితే ప్రతి చదరపు అడుగుకీ 2 అడుగుల సందు ఉంటుంది. 5×7 బాత్రూం నేల 35 చదరపు అడుగులు, అంటే 70 అడుగుల సందు. గోడకి 12×18 అంగుళాల టైలు అయితే చదరపు అడుగుకి 1.67 అడుగులు. చుట్టుకొలత 24 అడుగులు, 7 అడుగుల ఎత్తు, తలుపు పోను 150 చదరపు అడుగులనుకుంటే 250 అడుగులు. నేల ఒక పూట పని, గోడలు వేరే సంగతి. నేల బాగుచేసి, గోడల్లో కింది మూడు వరసలు మాత్రం తీసినా చాలా ఇళ్లకి సరిపోతుంది. నీళ్లు ఎక్కువ తగిలేది అక్కడే.

మొదలుపెట్టే ముందు సందులో ఒక మూల చుక్క యాసిడ్ వేసి చూడండి. నురగ బుసబుసమంటే సిమెంటు గ్రౌట్. ఏమీ కాకపోతే ఎపాక్సీ, అంటే సిమెంటు బదులు రెసిన్‌తో చేసిన గ్రౌట్. దాని మీద బ్లేడు పెడితే వేడికి మెత్తబడి రవ్వల మధ్య బంకలా పట్టేస్తుంది. ఎపాక్సీని హీట్ గన్‌తో కొంచెం కొంచెం వేడి చేస్తూ చేత్తో గీకాలి. చుక్క వేసిన చోట వెంటనే నీళ్లతో కడిగేయండి. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో ప్రతి టైలునీ తట్టండి. ముద్దలు పెట్టి అతికించిన టైల్స్ మూలల్లో డొల్లగా మోగుతాయి. మిషను అదురుకి ఆ మూలే విరుగుతుంది, ఊగుతున్న టైలైతే ఊడి చేతికొస్తుంది. డొల్ల టైల్స్‌కి సుద్దతో గుర్తు పెట్టి, వాటి చుట్టూ మాత్రం చేత్తో గీకండి.

నేల మీద నీళ్లు పోయే నానీ ట్రాప్‌లో గుడ్డ కుక్కండి, ఇది మర్చిపోవద్దు. రాలిన పొడి నీళ్లతో ట్రాపులోకి పోతే అడుగున మడ్డిలా పేరుకుని, తర్వాత ప్లంబరుని పిలవాల్సి వస్తుంది. నేల పూర్తిగా ఆరి ఉండాలి, వైరు మిషను కాబట్టి తడిపి కోయడం అసలు కుదరదు. ప్లగ్గు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) ఉన్న లైను మీదే పెట్టండి. సిమెంటు దుమ్ములో సిలికా ఉంటుంది, తువ్వాలు చుట్టుకుంటే ఆగదు. ఎన్95 మాస్కు, కళ్లజోడు, చెవుల్లో దూది కాకుండా ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోండి. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరిగే వేళ వోల్టేజీ పడిపోయే ఊళ్లలో పగటి పూట చేసుకోవడం మేలు. వోల్టేజీ తగ్గితే బ్లేడు ఊపు తగ్గుతుంది, తెగట్లేదని మనం నొక్కుతాం, గొడవంతా అక్కడ మొదలవుతుంది.

బ్లేడు మీద గోడకైతే 5 మి.మీ., 9 మి.మీ. నేల టైలుకైతే 6 మి.మీ. ఎత్తులో పర్మనెంట్ మార్కరుతో గీత గీయండి. స్పీడు 1 నుంచి 6 దాకా ఉంటే 3 దగ్గర పెట్టి, మిషను ఆన్ చేశాకే బ్లేడుని సందులో దించండి. తలుపు వెనకాలో కమోడు పక్కనో, కంటికి కనపడని సందుతో మొదలెట్టండి. రెండు చేతులతో పట్టుకుని, నాలుగైదు అంగుళాల మేర ముందుకీ వెనక్కీ జరుపుతూ పోవాలి. గోడకైతే చిన్న ఆనింపు, నేలకైతే మిషను బరువే చాలు. ఒకే చోట ఆపితే గుంట పడుతుంది. సందు 3 మి.మీ. ఉంటే పల్చటి బ్లేడుతో ఒక అంచు వెంట ఒకసారి, రెండో అంచు వెంట ఇంకోసారి పోండి. మధ్యలో మిగిలిన ముక్క స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దానంతటదే ఊడుతుంది.

నాలుగు టైల్స్ కలిసే కూడలి దగ్గర అర అంగుళం ముందే ఆపేయండి. అర్ధచంద్రం బ్లేడు లోతుకి దిగాలంటే ముందుకి కూడా కొంత పోవాలి, అవతల టైలు అంచు పగిలేది అక్కడే. ఆ కూడళ్లు మిగిల్చి చివర్లో మొనదేలిన కార్బైడ్ బ్లేడుతో గానీ చేతి గ్రౌట్ రేక్‌తో గానీ తీయాలి. గోడల మూలల్లో కూడా ఇంతే.

గ్రౌట్ రాలడం తగ్గి మాడు వాసన వస్తోందంటే బ్లేడు వేడెక్కింది. అంచు నీలంగా మారితే రవ్వ ఊడిపోవడం మొదలైనట్టే. ఐదు నిమిషాలకోసారి ఆపి, సందులో పొడి బ్రష్‌తో ఊడ్చేస్తే చాలావరకు ఈ సమస్య రాదు. పొడి నిండిన సందులో బ్లేడు గ్రౌట్‌ని కాక పొడినే రుద్దుతుంటుంది. టైలు అంచున వెంట్రుకంత పెచ్చులు లేస్తుంటే బ్లేడు వంకరగా పట్టినట్టు, మణికట్టు నిటారుగా పెట్టండి.

పని అయ్యాక వాక్యూమ్ ఉంటే దానితో, లేకపోతే మెత్తటి బ్రష్‌తో పొడి తీసి, పిండిన స్పాంజీతో తుడిచి, కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. గోదావరి డెల్టాలో ఈ పనికి వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేసిన రోజులు మంచివి, భూమిలో నీటిమట్టం దిగి నేల నిజంగా ఆరుతుంది. వానాకాలంలో పైకి ఆరినట్టు కనిపించినా సందు అడుగున చెమ్మ ఉంటుంది, దాని మీద ఎపాక్సీ పట్టదు. అడుగు టైలు, 8 మి.మీ. మందం, 3 మి.మీ. సందు లెక్కన 35 చదరపు అడుగులకి సిమెంటు గ్రౌట్ 1 కిలో లోపే పడుతుంది, వేస్టేజీకి ఇంకో కిలో ఉంచుకోండి. యాసిడ్ మానని ఇల్లయితే ఎపాక్సీయే వేయండి. గోడా నేలా కలిసే మూలలో మాత్రం రెండూ వద్దు. నల్లరేగడి మీద కట్టిన ఇల్లు ఎండకీ వానకీ కొంచెం కదులుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ సాగే సిలికాన్ నింపండి.