వరంగల్ ఇంట్లో రెండు టీవీలకు మీడియా ప్లేయర్లు: పని ఎంతవరకు వచ్చింది

ఫిబ్రవరి

హనుమకొండలోని మా ఇంట్లో రెండు టీవీలున్నాయి. హాల్లోది 43 అంగుళాల 4కే టీవీ, అమ్మా బాపూ ఉండే గదిలోది స్మార్ట్ సౌకర్యాలేవీ లేని పాత 32 అంగుళాల టీవీ. బీరువా అడుగున అట్టపెట్టెల్లో ఉన్న సినిమా వీసీడీలను, పెళ్లిళ్ల డీవీడీలను ఒకే హార్డ్‌డిస్కులోకి చేర్చి, రెండు గదుల్లోనూ చూసుకునే ఏర్పాటు చేయాలన్నది ఈ ఏడాది పెట్టుకున్న పని. షరతు ఒక్కటే: బాపు చేతిలో ఇప్పుడున్న టీవీ రిమోట్ తప్ప మరొకటి ఉండకూడదు.

పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే చాలదా అని అడిగేవారుంటారు. మా టీవీలు వీసీడీలోని డ్యాట్ అనే వీడియో ఫైళ్లను గుర్తించవు, తెలుగు సబ్‌టైటిళ్లను డబ్బాలుగా చూపిస్తాయి, నిన్న ఎక్కడ ఆపామో గుర్తుంచుకోవు. పైగా ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. అందుకే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద లిబ్రెలెక్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దానిలో వచ్చే కొడి ప్లేయర్‌నే వాడాలని నిర్ణయించుకున్నాను. 2002లో ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం మొదలై, 2014లో ఈ పేరుకు మారిన కొడి ఉచితం.

హాలుకు రాస్ప్‌బెర్రీ పై 4 మోడల్ (ఇకపై పై 4) తీసుకున్నాను. పై 5 కొత్తదే, వేగమైనదే. కానీ దానిలో హెచ్.264 అనే కంప్రెషన్ పద్ధతి వీడియోను విప్పే హార్డ్‌వేర్ డీకోడర్ లేనందున ఆ భారం ప్రాసెసర్ మోయాలి. మన దగ్గరుండే ఫైళ్లలో ఎక్కువ భాగం హెచ్.264వే కాబట్టి, సినిమాలకు మాత్రమే వాడే పెట్టెకు పై 4 చాలునన్నది నా అభిప్రాయం. గదిలోని టీవీకి ఇంట్లో ఖాళీగా ఉన్న పై 3నే పెట్టాను. హెచ్.264 తరువాతి పద్ధతి హెచ్.265కు దానిలో హార్డ్‌వేర్ లేదు కాబట్టి అలాంటి ఫైళ్లు హాలుకే పరిమితం.

మార్చి

నెలంతా డిస్కులతోనే సరిపోయింది. వీసీడీలో ఒక డిస్కుకు సుమారు 74 నిమిషాలే పడుతుంది కనుక, మన సినిమాలు రెండు మూడు డిస్కుల్లో వచ్చేవి. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారుకు (డిస్కు మీది చిన్న భాగానికి) 2,048 బైట్ల సమాచారం ఉండి, మిగతా చోటులో తప్పులను సరిదిద్దే అదనపు కోడ్ ఉంటుంది. వీసీడీలో ఆ అదనపు రక్షణను వదులుకుని ఆ చోటును కూడా వీడియోకే ఇచ్చారు, సెక్టారుకు 2,324 బైట్లు. అందువల్ల గీత పడిన చోట బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది, ఒక్కోసారి కాపీ అక్కడే ఆగిపోతుంది.

సీడీని డ్రైవ్ నడిమి నుంచి అంచు వైపుకు చదువుతుంది కాబట్టి డిస్కు నిండా వీడియో ఉన్నప్పుడు దాని చివరి భాగం అంచున ఉంటుంది, మన వేళ్లు తగిలేదీ అక్కడే. చివరి డిస్కులో క్లైమాక్స్ దగ్గరే ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. మెత్తటి బట్టను కొద్దిగా తడిపి, గుండ్రంగా తిప్పకుండా నడిమి రంధ్రం నుంచి అంచుకు తిన్నగా తుడిచాక, మొండికేసిన డిస్కుల్లో కొన్ని పూర్తిగా చదివించుకున్నాయి. మిగిలినవాటిని వేరే డ్రైవ్‌లో పెట్టి చూడడం మేలు. ఒక డ్రైవ్ వదిలేసిన చోటును మరొకటి చదవగలదు.

కాపీ చేసిన డ్యాట్ ఫైలును ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మళ్లీ కంప్రెస్ చేయకుండా ఎంపీజీలోకి మార్చాను. డిస్కులను అతికించే పని లేదు. ఒకే ఫోల్డరులో ఒకే పేరు పెట్టి, చివర సీడీ1, సీడీ2 అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే కొడి వాటిని ఒకే సినిమాగా వరుసగా నడిపిస్తుంది. ఫోల్డరు పేరులో సంవత్సరం మాత్రం తప్పనిసరి. దేవదాసు అని మాత్రమే రాస్తే 1953దా, 1974దా, 2006దా అన్నది కొడికి తెలియదు, వేరే పోస్టరు అంటిస్తుంది.

ఏప్రిల్

హార్డ్‌డిస్కును హాల్లోని పై 4కు తగిలించి, లిబ్రెలెక్ సెట్టింగుల్లో ఫోల్డర్లను ఇంటి నెట్‌వర్క్‌లో పంచే సాంబా సర్వీసును ఆన్ చేశాను. గదిలోని పై 3 అవే ఫోల్డర్లను నెట్‌వర్క్ మీద చదువుకుంటుంది. నడుమ రెండు గోడలున్నందున వైఫైని నమ్ముకోకుండా కిటికీ చట్రం పక్కగా క్యాట్ 6 నెట్‌వర్క్ తీగ లాగాను. పై 3 మోడల్ బి నెట్‌వర్క్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే (సెకనుకు 100 మెగాబిట్లదే) అయినా, బ్లూరేలో వీడియో గరిష్ఠ వేగమే 40 ఎంబీపీఎస్ కనుక ఇబ్బంది లేదు. పై 4లోని యూఎస్‌బీ పోర్టులన్నీ కలిపి 1.2 యాంపియర్లే ఇవ్వగలవు. రెండో పోర్టబుల్ డిస్కు పెట్టదలిస్తే సొంత అడాప్టర్ ఉన్న హబ్ కావాలి.

ఇక బొమ్మ సంగతి. మన దేశపు వీసీడీ 352×288 చుక్కలతో, సెకనుకు 25 ఫ్రేములతో ఉంటుంది. టీవీ 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు తెరను మారుస్తూ, నడుస్తుంటే కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనబడతాయి. టైటిల్స్‌లో పేర్లు పైకి పాకేటప్పుడు ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. కొడి సెట్టింగుల్లో ప్లేయర్, వీడియోల కింద ఉండే రిఫ్రెష్ రేట్ సర్దుబాటును ఆన్ చేయగానే టీవీ 50 హెర్ట్జ్‌కు మారి, పేర్లు నున్నగా కదిలాయి. పెట్టెతో సినిమాలు చూసేవారిలో చాలామంది ఈ ఒక్క సెట్టింగును ముట్టుకోరు. నా మట్టుకు 4కే కన్నా ముందు చూసుకోవలసింది ఇదే.

బాగా వెడల్పైన సినిమాస్కోప్ చిత్రాన్ని 4:3 చట్రంలో కూర్చిన వీసీడీని వెడల్పు టీవీలో పెడితే నాలుగు వైపులా నలుపే. “చుట్టూత గంత నల్లగున్నదేందిరా, బొమ్మ నడుమ ఇరికినట్టున్నది” అన్నాడు బాపు. ప్లే అవుతున్నప్పుడు వ్యూ మోడ్‌లో జూమ్ ఎంచుకుంటే తెర పక్క అంచులదాకా వస్తుంది, ఆ సినిమాకు ఆ ఎంపిక గుర్తుండిపోతుంది. అన్నింటికీ వర్తింపజేయమని మాత్రం నొక్కకూడదు. నలుపు తెలుపు కాలపు సినిమాలు నిజంగానే 4:3లో తీసినవి కాబట్టి వాటిలో తలలు తెగుతాయి. స్కోప్ వీసీడీలో 288 గీతల్లో బొమ్మకు దక్కేవి 160 చిల్లరే గనుక, జూమ్ చేశాక 43 అంగుళాల తెర మీద మసక తప్పదు. ఇవి గదిలోని చిన్న టీవీలోనే బాగుంటాయి.

తెలుగు సబ్‌టైటిళ్లకు ఫైలును తెలుగు అక్షరాలను దాచగల యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచి, నోటో సాన్స్ తెలుగు ఫాంటును కొడి ఫాంట్ల ఫోల్డరులో వేసి ఎంచుకుంటే డబ్బాలు పోయాయి.

మే

వరంగల్ మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. పై 4 చిప్పు 80 డిగ్రీలు దాటితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యాను చప్పుడు ఇష్టం లేక, మొత్తం హీట్‌సింకుగా పనిచేసే అల్యూమినియం పెట్టె వేసి, టీవీ వెనక ఇరికించకుండా పక్కన గాలి తగిలే చోట పెట్టాను. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదం ఉన్నందున రెండు పెట్టెలనూ ఇన్వర్టర్ లైనుకు మార్పించాను.

హాల్లో రిమోట్ షరతు తేలికగానే తీరింది. పై 4లో ఉన్న రెండు మైక్రో హెచ్‌డీఎంఐలలో పవర్ పోర్టు పక్కనున్నదానికే తీగ పెట్టి, టీవీలో సీఈసీని (రిమోట్ ఆదేశాలను హెచ్‌డీఎంఐ తీగ మీదుగా పెట్టెకు పంపే సౌకర్యాన్ని) ఆన్ చేస్తే, టీవీ రిమోట్ బాణాలే కొడిని నడుపుతాయి. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీలో సింప్లింక్ అనీ, సోనీలో బ్రావియా సింక్ అనీ ఉండేది ఇదే.

గదిలోని పాత టీవీకి సీఈసీ లేదు. దానికి 38 కిలోహెర్ట్జ్ ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్‌ను పై 3 మీద 3.3 వోల్టులు, గ్రౌండ్, జీపీఐఓ 18 (సిగ్నల్ అందుకునే పిన్ను) పిన్నులకు కలిపి, బోర్డు ఆ రిసీవర్‌ను గుర్తించేలా కాన్ఫిగ్ ఫైల్లో జీపీఐఓ-ఐఆర్ పంక్తి చేర్చాను. రిసీవర్ కాళ్ల వరుస కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి డేటాషీట్ చూడకుండా కలపకూడదు. హెచ్‌డీఎంఐలో ఉన్నప్పుడు ఆ టీవీ పట్టించుకోని బటన్లే మనకు పనికొస్తాయి: బాణాలు, ఓకే, నాలుగు రంగుల బటన్లు. ఎరుపును వెనక్కి వెళ్లడానికి, ఆకుపచ్చను ఆపి నడపడానికి కేటాయించాను. బాపు మెనూలోకి పోకుండానే నల్ల పట్టీలు తీసేసుకునేలా పసుపు బటన్‌ను వ్యూ మోడ్‌కు కలపడం జూన్‌లో చేయవలసిన పని. ఆ తరువాత పెళ్లి డీవీడీల వంతు.