రెండు యంత్రాల నడుమ సాగిన టేపు

రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో కలిసి 1973లో వెలువరించిన ‘నో పుస్సీఫుటింగ్’ ఆల్బమ్ నాకు చాలాకాలం కొరుకుడు పడలేదు. కింగ్ క్రిమ్సన్ అనే రాక్ బృందం సంగీతమంటే నాకు ప్రాణం. ఆ బృందాన్ని నడిపిన గిటారిస్టు ఫ్రిప్, డ్రమ్ములూ గాత్రమూ తాళమూ ఏవీ లేకుండా దాదాపు ఇరవై ఒక్క నిమిషాలు ఒకే ధ్వనిని పట్టుకుని ఎందుకు కూర్చున్నాడో ఎంత విన్నా తెలియలేదు. మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ పదో నిమిషం దాటకుండానే ఆపేశాను. విని తెలుసుకోలేనిది చేసి తెలుసుకోవచ్చునేమోనన్న ఆశతో, అదే పద్ధతిలో నా గిటారుతో ఒక రికార్డింగ్ చేయడానికి పూనుకున్నాను. అది పూర్తి కావడానికి ఐదు వారాలు పట్టింది.

ఆల్బమ్ మొదటి భాగం 1972 సెప్టెంబరులో, లండన్‌లోని ఈనో ఇంట్లో, రెండు రివాక్స్ టేపు యంత్రాల మీద రికార్డయింది. అప్పటికి ఫ్రిప్ తన బృందంతో నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు చేశాడు. ఈనో రాక్సీ మ్యూజిక్ అనే రాక్ బృందంలో ఉన్నాడు. పద్ధతి వారు కనిపెట్టినది కాదు. టెర్రీ రైలీ, పాలీన్ ఒలివెరోస్ అనే స్వరకర్తలు 1960లలోనే దానిని వాడారు. మొదటి యంత్రం మీది రీలు నుంచి బయలుదేరిన టేపు, ధ్వనిని టేపుకెక్కించే అక్కడి రికార్డు హెడ్‌ను తాకి, రెండు యంత్రాల మధ్య ఖాళీని దాటి, టేపు మీది ధ్వనిని వినిపించే, రెండో యంత్రంలోని ప్లేబ్యాక్ హెడ్ మీదుగా వెళ్లి అక్కడి రీలుకు చుట్టుకుంటుంది. రెండో యంత్రం వినిపించిన ధ్వనిని తిరిగి మొదటి యంత్రానికి పంపితే, కొత్తగా వాయిస్తున్న స్వరంతో కలిసి అది మళ్లీ టేపుకెక్కుతుంది. ఈ విధంగా, వాయించిన ప్రతిదీ కొన్ని సెకన్లకొకసారి, ప్రతిసారీ కాస్త మసకబారి, తిరిగి వస్తూ ఉంటుంది.

కాగితం మీద ఇది సులువుగానే కనిపించింది. నా రెండు యంత్రాలనూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, హెడ్‌ల మధ్య దూరం 95 సెంటీమీటర్లు ఉండేటట్టు చూశాను. సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో టేపు నడిస్తే, వాయించిన స్వరం ఐదు సెకన్లకు తిరిగి రావాలి. కానీ టేపు నడవనే లేదు. రెండు యంత్రాల వేగాల్లో ఉన్న వెంట్రుకవాసి తేడా వల్ల, నిమిషం గడిచేసరికి మధ్యలో టేపు బల్ల మీదికి వేలాడింది. యంత్రాలను అటుదిటు మార్చి పెడితే బిగిసిపోయి, స్వరం వణికింది. నాలుగు రోజుల తరువాత తట్టిన ఉపాయం ఏమిటంటే, మొదటి యంత్రంలో టేపును, దానిని లాగే ఇరుసైన క్యాప్‌స్టన్‌కూ రబ్బరు చక్రానికీ మధ్య నుంచి కాకుండా వాటి వెలుపలి నుంచి పోనిచ్చి, లాగే పనంతా రెండో యంత్రానికే అప్పగించడం. టేపు అయిపోయినప్పుడు యంత్రాన్ని ఆపే చిన్న చేయి ఒకటి ఉంటుంది. అది పడిపోకుండా రబ్బరు బ్యాండుతో కట్టి నిలబెట్టాను. ఆ సాయంత్రం నేను వాయించిన మొదటి స్వరం ఐదు సెకన్లకు వెనక్కి వచ్చినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

1979లో ఫ్రిప్ ఇదే అమరికను ఫ్రిపర్‌ట్రానిక్స్ అనే పేరుతో ఊరూరా తీసుకెళ్లి ఒంటరిగా వాయించాడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి కనుక నేనూ ఒక్కణ్ణే చేయగలననుకున్నాను. రెండు వారాల పాటు ప్రతి ప్రయత్నమూ ఒకే తీరుగా చెడింది. తిరిగి వెళ్లే ధ్వని స్థాయిని నిర్ణయించే మిక్సర్ నాబ్ ఒకటే ఇక్కడ సర్వస్వం. ప్రతి తిరుగులో ధ్వని పదింట ఎనిమిది వంతులు మిగిలేటట్టు పెడితే, మూడు తిరుగులకు అది సగమవుతుంది, పది తిరుగులకు పదో వంతుకు చేరుతుంది. ఏమాత్రమూ తగ్గకుండా పెడితే స్వరాలు పేరుకుని పేరుకుని చివరకు ఊళ పెడతాయి. నాబ్‌ను ఒకచోట వదిలేస్తే సంగీతం చప్పగా ఉండేది. వాయిస్తూ చేయి చాచితే గిటారు తడబడేది. తడబడిన స్వరం కూడా ఐదు సెకన్లకొకసారి, నిమిషం పాటు, ఎదురుగా వచ్చి నిలబడేది. ఈ అమరికలో తప్పు జరిగి పోదు, జరిగి ఉంటుంది.

చివరకు తమ్ముణ్ణి పిలిచి మిక్సర్ ముందు కూర్చోబెట్టాను. వాడికి ఏ వాద్యమూ రాదు. మొదటి రోజు పది నిమిషాలు విన్నాక, “అన్నయ్యా, నువ్వు వాయించిన ప్రతి ముక్కనీ దాచుకోవాలని చూస్తున్నావు. కొన్నింటిని పోనివ్వు,” అన్నాడు. ఆ మాట విన్నాకే, ఆల్బమ్ మొదటి భాగంలో ఏ వాద్యాన్నీ ముట్టని ఈనో ఏం చేస్తున్నాడో నాకు తెలిసివచ్చింది. అక్కడ వినిపించే మూల ధ్వని ఫ్రిప్ గిటారు ఒక్కటే, నిజమే. అయితే ఏ స్వరం నిలవాలి, ఏది కరగాలి, ఎప్పుడు మందం పెరగాలి అన్నవి టేపు దగ్గర కూర్చున్న మనిషి తేల్చవలసిన విషయాలు. నేను అన్నేళ్లుగా అందులో ఒక గిటారిస్టును మాత్రమే వెదుకుతూ, అతనితో సమానంగా పనిచేస్తున్న రెండో వ్యక్తిని వినకుండా వదిలేశాను.

అప్పటి నుంచి నా వాయింపు కూడా మారింది. మీటిన చప్పుడు ప్రతి తిరుగులోనూ మేకు దిగినట్టు వినిపిస్తుండడంతో, వాల్యూమ్ పెడల్‌ను పూర్తిగా మూసి మీటి, ఆ తరువాత మెల్లగా తెరవడం అలవాటు చేసుకున్నాను. గిటారు ధ్వనిని గరుకుగా, మందంగా మార్చే ఫజ్ తోడైతే స్వరం ఎక్కడ మొదలైందో తెలియకుండా నిండుగా నిలుస్తుంది. ఒక రాత్రి రీలును వెనక్కి చుట్టకుండానే యంత్రానికి ఎక్కించాను. అది తిరగబడి వినిపిస్తున్నదని గ్రహించడానికి నాకు, అది వాయించిన నాకే, రెండు నిమిషాలు పట్టింది. ‘నో పుస్సీఫుటింగ్’ను వ్యాఖ్యాత జాన్ పీల్ బీబీసీ రేడియోలో పొరపాటున వెనుక నుంచి ముందుకు వినిపించాడని చదివినప్పుడు అదెలా సాధ్యమని ఆశ్చర్యపోయేవాణ్ణి. స్వరానికి మొదలూ తుదీ ఒకేలా మెత్తగా ఉన్నప్పుడు, దిక్కు చెప్పే గుర్తు ఏదీ మిగలదు. 2008లో వచ్చిన పునర్విడుదలలో ఆ తిరగబడిన రూపాన్ని కూడా చేర్చడం నాకిప్పుడు ఎంతో సబబుగా తోస్తుంది.

ఐదో వారంలో పద్దెనిమిది నిమిషాల రికార్డింగ్ ఒకటి ఆగకుండా సాగింది. నాలుగు స్వరాలతో మొదలుపెట్టాను. ఆరో నిమిషంలో తమ్ముడు నాబ్‌ను దాదాపు పూర్తిగా తగ్గించి, అంతవరకూ పోగైనదంతా పలచబడనిచ్చాడు. నేను వాయించడం ఆపి విన్నాను. మొదటి స్వరం ఒక్కటే, టేపు బుసలో కలిసిపోయేంత సన్నగా, మరి మూడుసార్లు వచ్చి పోయింది. దాని మీద కొత్త స్వరం ఏది పెట్టాలో అప్పుడు వెదుక్కోవలసిన అవసరం లేకపోయింది. చివరలో వాడు ధ్వనిని తగ్గిస్తుంటే ఇద్దరమూ టేపునే చూస్తూ కూర్చున్నాం. మేం చేసిన సంగీతమంతా రెండో రీలు మీదే ఉంది. మర్నాడు దానిని వినకముందు, ‘నో పుస్సీఫుటింగ్’ మొదటి భాగాన్ని పెట్టి చివరిదాకా విన్నాను.