పాడ్యమి నాడు ప్రయాణం, ఒక ఆకుపచ్చ ఫైలు

మాది టెక్సస్. 2024 మార్చి నాటికి అమ్మా నాన్నా ఖమ్మం నుంచి వచ్చి నెలన్నర దాటింది. గుడి, మాల్, కాస్ట్‌కో, తెలిసినవాళ్ల ఇళ్లలో భోజనాలు అన్నీ అయిపోయాయి. నాన్న పొద్దున్నే కాఫీ కప్పుతో కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేవారు. కార్లు తప్ప ఏమీ కనబడవు. "ఈ ఊళ్లో మనుషులు నడవరా అమ్మా?" అని ఒకరోజు అడిగారు. మెక్సికో ఆలోచన అక్కడ మొదలైంది.

మా ఆయన కాన్‌కూన్‌లో పెద్ద రిసార్ట్ అన్నాడు. తిండీ తాగుడూ అన్నీ ఒకే బిల్లులో. కానీ ఒక గేటు దాటి ఇంకో గేటులోకి తీసుకెళ్లడమే కదా అనిపించింది. ఇంకో తీరపు ఊరు తులుం చూస్తే వేసవిలో సర్గాసమ్ భయం. కొన్నేళ్లుగా ఆ కరీబియన్ తీరానికి గోధుమరంగు నాచు టన్నులకొద్దీ కొట్టుకొస్తోంది. ఒడ్డున కుళ్లితే కోడిగుడ్లు మురిగిన వాసన. అలా వెతుకుతుంటే హోల్‌బోష్ దొరికింది. కాన్‌కూన్‌కి వాయవ్యాన, గల్ఫ్ నీళ్లూ కరీబియన్ నీళ్లూ కలిసే చోట సన్నటి దీవి. ఉత్తరానికి తిరిగి ఉంటుంది కాబట్టి నాచు బెడద తక్కువ. వీధులన్నీ ఇసుకే. కార్లు ఉండవు, గోల్ఫ్ కార్ట్‌లే టాక్సీలు. మాయా భాషలో ఆ పేరుకి నల్లటి గుంత అని అర్థమట. "అంటే ఏరికోరి గోతిలోకి తీసుకెళ్తున్నావన్నమాట" అన్నారు నాన్న. అప్పటికే ఒప్పుకున్నారని అర్థమైంది.

ఇక కాగితాల సంగతి. మన పాస్‌పోర్ట్ ఉన్నా, చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. అమ్మా నాన్నలకు పదేళ్ల విజిటర్ వీసా ఉంది. మా ఆయన కిందటేడు తమ్ముడి పెళ్లికి హైదరాబాద్ వెళ్లినప్పుడు కొత్త వీసా స్టాంపింగ్ చేయించుకున్నాడు. ఎటొచ్చీ నాకే తిప్పలు. నేను చదువుకోడానికొచ్చి, ఇక్కడే ఎఫ్1 అనే విద్యార్థి స్టేటస్ నుంచి హెచ్1బి అనే ఉద్యోగి స్టేటస్‌కి మారాను. పాస్‌పోర్ట్‌లో ఉన్నది ఎప్పుడో గడువు తీరిన ఎఫ్1 స్టాంపు. ఇక్కడ ఉండడానికి, ఉద్యోగం చేయడానికి దానితో పనిలేదు. గడప దాటితేనే చిక్కు.

"ఏందే ఇది, రిటైరై ఇంట్లో కూర్చున్న మాకు అక్కర్లేదు, ఉద్యోగం చేసేదానివి నీకు వీసా కావాలా?" అని అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను దాటాల్సిన గడపలు రెండు. వెళ్లడానికి మెక్సికో వీసా కావాలి. తిరిగి రావడానికి అమెరికా వాళ్లు ఒప్పుకోవాలి. రెండోదానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అని ఒక పాత నిబంధన ఉంది. 30 రోజులు మించకుండా మెక్సికోకో కెనడాకో మాత్రమే వెళ్లి వస్తే, ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఇంకా ఉంటే, గడువు తీరిన వీసానే చెల్లినట్టు లెక్కేస్తారు. స్టేటస్ మారినవాళ్లకూ వర్తిస్తుంది, కొత్త స్టేటస్ ఇచ్చినట్టు అప్రూవల్ నోటీసు చేతిలో ఉండాలి. ఆఫీసు లాయర్‌ని అడిగితే ఒకటే చెప్పింది: "అక్కడున్నప్పుడు కొత్త వీసాకి మాత్రం అప్లై చేయకండి. చేస్తే ఈ వెసులుబాటు పోతుంది." ఆ నిబంధన పాఠం, అమెరికా ఫెడరల్ నిబంధనల్లో 22 సీఎఫ్ఆర్ 41.112(డి), ప్రింట్ తీసి పసుపు హైలైటర్‌తో గీతలు గీశాను. ఐ-94 ప్రింటు, అప్రూవల్ నోటీసు, మూడు పే స్లిప్పులు, ఉద్యోగం లెటరు, అన్నీ ఒక ఆకుపచ్చ ఫైల్లో పెట్టాను. ఆ ఫైలు నా పక్కన పడుకోవడం ఒక్కటే తక్కువ అనేవాడు మా ఆయన.

మెక్సికో కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం రోజూ రాత్రి సైట్ తెరిచి చూడటం అలవాటైపోయింది. చివరికి ఎవరో రద్దు చేసుకున్న స్లాట్ ఏప్రిల్లో దొరికింది. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, లెటర్లు అన్నీ పట్టుకెళ్లాను. కిటికీ వెనక ఉన్నావిడ ఫొటో చూసి తల అడ్డంగా ఊపింది. నేను తీసుకెళ్లింది అమెరికా కొలత, రెండంగుళాల చదరం. వాళ్లకి కావలసింది అంతకన్నా చిన్నది, గరిష్ఠంగా 39 మిల్లీమీటర్ల ఎత్తు, 31 వెడల్పు. వాళ్ల పేజీలోనే రాసి ఉంది. మిగతా ప్రతి లైనూ నాలుగుసార్లు చదివినదాన్ని, ఆ ఒక్కటీ వదిలేశాను. ఎదురుగా ఉన్న చిన్న దుకాణానికి పరిగెత్తి ఫొటో తీయించుకొచ్చాను. చెమటలు పట్టిన ఆ మొహమే ఇప్పుడు నా మెక్సికో వీసా మీద ఉంది. ఫీజు 50 డాలర్ల పైచిలుకు.

తేదీల దగ్గర ఇంట్లో అసలు గొడవ. హోల్‌బోష్‌లో వేసవి రాత్రుళ్లు, చంద్రుడు లేనప్పుడు, నీళ్లు కదిలిస్తే నీలంగా మెరుస్తాయి. కంటికి కనబడనంత చిన్న జీవుల వెలుగది. జూన్ 6 అమావాస్య కాబట్టి 7వ తేదీ, శుక్రవారం టికెట్లు చూశాను. అమ్మ ఫోన్‌లో పంచాంగం తీసింది. "అమావాస్య పోయి పాడ్యమి. ఎవరైనా పాడ్యమి నాడు బయల్దేరతారా?" చీకటి రాత్రి కోసమే వెళ్తున్నామని చెప్తే ఇంకా కంగారుపడింది. చివరికి మా ఆయన, "అత్తమ్మా, ఇండియాలో అప్పటికే పొద్దుపోయి ఉంటుంది, లెక్క మారుతుంది" అని ఏదో చెప్పి ఒప్పించాడు. పాడ్యమి వెళ్లిపోయిందో లేదో మేమెవరం మళ్లీ చూడలేదు.

కాన్‌కూన్‌లో కారు అద్దెకు తీసుకోవద్దనుకున్నాం. ఆన్‌లైన్‌లో కనబడే అద్దె వేరు, కౌంటర్ దగ్గర తప్పనిసరి ఇన్సూరెన్స్ కలిపాక వేరు. పైగా కారుని దీవిలోకి తీసుకెళ్లలేం, చికిలా రేవులో పార్క్ చేయాలి. ముందే వ్యాన్ మాట్లాడుకుంటే రేవుకి రెండున్నర గంటలు, అక్కణ్నుంచి ఫెర్రీ అరగంట లోపే. రాత్రి ఫెర్రీ తప్పితే రేవులోనే పడిగాపులు. అందుకని పొద్దుటి ఫ్లైటే పట్టాం.

దిగీదిగగానే నాన్న చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నారు. వీధిలో ఇసుక, దాని మీద మనుషులు. పిల్లలు, కుక్కలు, మూడు చక్రాల బండి మీద 20 లీటర్ల వాటర్ క్యాన్లు. ఆయన ఒక్కరే చౌరస్తా దాకా నడిచెళ్లి వచ్చారు. అంతకుముందు నెలల తరబడి ఆయన మొహంలో కనబడనిది ఏదో కనబడింది.

ఆ రాత్రే గోల్ఫ్ కార్ట్ మాట్లాడుకుని పడమటి కొసకి, పుంతా కోకోస్‌కి వెళ్లాం. దోమలు మామూలుగా లేవు. చుట్టూ కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. నాన్న లుంగీ మోకాళ్ల పైకి మడిచి నీళ్లలోకి దిగారు. అడుగు వేసిన ప్రతిచోటా నీలపు పొడి రాలినట్టు వెలిగి ఆరిపోయింది. అమ్మ ఒడ్డునే నిలబడి, "ఇక చాలు, రండి" అని అరుస్తూనే ఉంది. కాసేపటికి చూస్తే తనూ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పాదంతో నీళ్లు చిమ్ముతోంది.

ప్లాన్ అంతవరకే నా మాట విన్నది. శనివారం తిమింగల సొరల్ని (వేల్ షార్క్) చూడ్డానికి పడవ బుక్ చేశాను. గాలి ఎక్కువని రేవు మూసేశారు. అక్కడ అది మామూలేనట. మొదట్లోనే పెట్టుకోబట్టి సోమవారానికి మార్చుకోగలిగాం. చివరి రోజుకి పెట్టుకునుంటే అంతే సంగతులు. ఆదివారం కుండపోత. ఆ ఇసుక వీధులు మోకాలి లోతు మడుగులయ్యాయి. "మన బోనకల్లు రోడ్డే నయం" అన్నారు నాన్న. కరెంటు పోయింది, కరెంటుతో పాటు కార్డు మెషిన్లూ పోయాయి. చౌరస్తాలో ఏటీఎం ఖాళీ. జూన్ 2 మెక్సికో అధ్యక్ష ఎన్నికల్లో క్లాడియా షేన్‌బామ్ గెలిచాక వాళ్ల డబ్బు పెసో విలువ పడి, 17 పెసోల దగ్గరున్న డాలరు 18 దాటింది, బాగా కలిసొస్తుందని ఎయిర్‌పోర్ట్‌లో తక్కువే తీశాను. తీయడానికి డబ్బే లేకపోతే రేటు ఎంతైతే ఏం! నాన్న లోపలి జేబులోంచి రుమాలులో చుట్టిన 200 డాలర్లు తీశారు. ఖమ్మంలో బయల్దేరినప్పటి నుంచీ ఉన్నాయట. ఒక కొట్లో బాగా తక్కువ రేటుకి మార్చుకున్నాం.

అమ్మ శనివారం, సోమవారం నీచు ముట్టదు. మా ఐదు రోజుల్లో ఆ రెండూ వచ్చాయి. అక్కడ బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో కోడి నీళ్లు కలిసే అవకాశం ఉందని చదివి, మాంసం, కోడి, చేప, కొవ్వు ఏవీ వద్దని స్పానిష్‌లో ఒక చీటీ రాసి పెట్టుకున్నాను. సోమవారం మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో ఆ చీటీ చూపిస్తే, చీజ్ పెట్టిన రొట్టెలతో పాటు ఎర్రటి చల్లటి నీళ్లు తెచ్చింది ఒకావిడ. దాని పేరు అగువా దె హమైకా. అమ్మ ఒక గుక్క తాగి ఆగింది. "ఇది పుంటికూర పులుపు."

నేను కాదన్నాను. అమ్మ గ్లాసు పట్టుకుని తిన్నగా వంటింటి గుమ్మం దాకా వెళ్లి, వేలితో గ్లాసు చూపించి, చేత్తో ఏమిటని అడిగింది. ఆవిడ ఒక సీసా తెచ్చింది. లోపల ముదురు ఎరుపులో ముడుచుకుపోయిన ఎండు రేకులు. అమ్మ ఒకటి తీసి నలిపి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుంది. ఎర్ర పుంటికూర కాయ చుట్టూ ఉండే దళసరి రేకులే అవి. గోంగూర అన్నా పుంటికూర అన్నా వాళ్ల హమైకా అన్నా ఒకటే మొక్క, హైబిస్కస్ సబ్దరిఫా. ఆకు మనం తింటాం, రేకులు వాళ్లు తాగుతారు. భాష రాని ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. ఆకులు పారేస్తారని తెలిసి అమ్మ చాలా బాధపడింది.

ఆ పొద్దునే నేనూ మా ఆయనా తిమింగల సొరల కోసం కాబో కతోచే అనే కొస వైపు పడవలో వెళ్లొచ్చాం. ఒకసారికి ఇద్దరే దిగాలి, గైడ్ తోడుండాలి, ముట్టుకోకూడదు. బస్సంత చేప నా పక్కనుంచి తీరిగ్గా వెళ్లింది. బూడిదరంగు వీపు నిండా తెల్లటి ముగ్గు చుక్కలు. గట్టిగా పది సెకన్లు చూశానేమో, మాస్క్‌లోకి నీళ్లొచ్చాయి.

మంగళవారం తిరుగు ప్రయాణం. కాన్‌కూన్‌లో చెక్-ఇన్ దగ్గర కుర్రాడు నా పాస్‌పోర్ట్ తిప్పి, "వీసా ఎక్స్‌పైర్ అయింది మేడమ్, బోర్డింగ్ ఇవ్వలేను" అన్నాడు. నేను ఆకుపచ్చ ఫైలు తీశాను. పసుపు గీతల కాగితం చూపించాను. అతను చదివి, ఇంకొకరిని పిలిచాడు. ఆవిడ ఎవరికో ఫోన్ చేసింది. వెనక క్యూ పెరుగుతోంది. అమ్మ నా చేయి పట్టుకుని ఏమంటున్నారని పదే పదే అడుగుతోంది. "ఏం లేదమ్మా, ఫార్మాలిటీ" అంటున్నాను గానీ నా గొంతు నాకే వినబడలేదు. ఇరవై అయిదు నిమిషాల తర్వాత బోర్డింగ్ పాస్ వచ్చింది.

అమెరికాలో దిగాక ఆఫీసర్ రెండే అడిగాడు: ఎన్ని రోజులున్నారు, అక్కడ వీసాకి అప్లై చేశారా. అయిదు రోజులు, లేదు. అప్రూవల్ నోటీసు, ఐ-94 చూశాడు. పసుపు గీతల కాగితం ముట్టుకోనే లేదు.

ఇంటికొచ్చి పెట్టెలు అలాగే వదిలేసి ల్యాప్‌టాప్ తెరిచాను. ఇలా తిరిగొచ్చినప్పుడు ఐ-94లో తేదీ తప్పుపడితే వెంటనే దిద్దించుకోవాలి. పాత తేదీయే, సరిగ్గానే ఉంది. వంటింట్లోంచి తొంగిచూస్తున్న అమ్మ, "అయిందా? ఇక పప్పు పొయ్యి మీద పెట్టమంటావా?" అంది.