వాన, శనివారం, బేస్‌బాల్ పుస్తకం

పొద్దున్నించీ ఒకటే వాన. పిల్లల సాకర్ క్యాన్సిల్ అయింది, సరేలే అని కాఫీ కలుపుకుని ఆ లావుపాటి బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా ముందేసుకుని కూర్చున్నా. మాక్మిలన్ వాళ్ళు 1969లో మొదలుపెట్టిన పుస్తకం ఇది, రెండు వేల పేజీల పైనే, నా దగ్గరున్నది తర్వాతెప్పుడో వేసిన ఎడిషన్, లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మేస్తుంటే తెచ్చుకున్నా. "ఏంటండీ, పంచాంగంలా ఉంది" అంది మా ఆవిడ. అవును మరి, అలాగే ఉంటుంది, సన్నటి అచ్చు, వరసగా అంకెలు, చూడ్డం అలవాటైతే ఇక వదలబుద్ధి కాదు.

ఆట అంటే నాకు ఏదో పైపైనే ఇష్టం. కొలంబస్‌లో ఉంటున్నాం కాబట్టి ఎండాకాలంలో పిల్లల్ని మా ఊరి టీమ్ క్లిప్పర్స్ మ్యాచ్‌కి తీసుకెళ్తుంటా, హాట్ డాగ్ చవగ్గా ఇచ్చే రోజైతే వాళ్ళే నన్ను లాక్కెళ్తారు. పుస్తకం మాత్రం వేరే. ఇవాళ జాన్ పచోరెక్ అనే అతని దగ్గర ఆగిపోయా. పుట్టిన తేదీ, ఊరు, దాని కింద ఒకే ఒక్క లైను: 1963, హ్యూస్టన్, ఆడింది 1 మ్యాచ్, 3 సార్లు బ్యాటింగ్ లెక్కకొస్తే 3 హిట్లు, యావరేజ్ 1.000. ఇంకో 2 సార్లు వాక్ (నాలుగు చెడ్డ బంతులు పడితే ఊరికే మొదటి బేస్‌కి వెళ్ళడం, అది యావరేజ్ లెక్కలోకి రాదు), 4 రన్స్. అప్పటికి 18 ఏళ్ళు. ఆ తర్వాత నడుం నొప్పి, ఆపరేషన్, మళ్ళీ పెద్ద లీగ్ మొహమే చూడలేదు. బ్రాడ్‌మన్ అంతటివాడే 99.94 దగ్గర ఆగిపోయాడు, ఈ కుర్రాడికి మాత్రం నిండు వెయ్యి (1.000ని బేస్‌బాల్‌లో వెయ్యి అనే అంటారు, లెక్కకొచ్చిన ప్రతిసారీ హిట్టే అని), ఆ లైను కిందే ఇంకొకడి పేరు మొదలైపోతుంది. నాకైతే మనసులో ఏదోలా అయింది.

హ్యూస్టన్‌ని అప్పట్లో కోల్ట్ 45స్ అనేవాళ్ళు, 1965లో ఆస్ట్రోస్ అయ్యారు. ఈ టీమ్ పేర్లు పట్టుకుంటే ఇక టైమ్ తెలీదు. బ్రూక్లిన్ వీధుల్లో ట్రాలీ బళ్ళు దూసుకొస్తుంటే తప్పుకుంటూ తిరిగే జనం వల్ల డాడ్జర్స్ అన్నారట, 1958లో టీమ్ లాస్ ఏంజిలిస్ వెళ్ళిపోయినా పేరు వెంటే వెళ్ళింది. అదే మన డెక్కన్ చార్జర్స్ చూడండి, 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టారు, 2013కల్లా సన్‌రైజర్స్ వచ్చేశారు, పాత పేరు ఇప్పటి పిల్లలకి తెలీనే తెలీదు. జనం నోట్లో నానిన పేరుని అలా తీసెయ్యకూడదు అంటా నేను.

మా ఒహాయోలోనే ఎన్ని పేర్లో! క్లీవ్‌లాండ్ స్పైడర్స్ 1899లో 20 గెలిచి 134 ఓడిపోయారు, ఓనర్లకి సెయింట్ లూయిస్‌లో ఇంకో టీమ్ ఉండటంతో పేరుమోసిన పిచర్ (బంతి విసిరేవాడు) సై యంగ్‌తో సహా మంచి ఆటగాళ్ళందర్నీ అటు పంపించేశారు, ఇక్కడ మ్యాచ్‌లకి జనం రాక చివరికి ఎక్కువ ఆటలు బయట ఊళ్ళలోనే ఆడాల్సొచ్చింది, పాపం ఆ మిగిలినవాళ్ళు రోజూ ఎలా మైదానంలోకి దిగారో. ఇప్పటి క్లీవ్‌లాండ్ టీమ్ మాత్రం వేరు, వాళ్ళ స్టార్ ఆటగాడు నాప్ లాజోయ్ మీద అభిమానంతో కొన్నాళ్ళు నాప్స్, 1915 నుంచి ఇండియన్స్, 2022 నుంచి గార్డియన్స్. స్టేడియం దగ్గర్లో వంతెన మీదున్న పెద్ద పెద్ద రాతి విగ్రహాల పేరే అది, వాటి చేతుల్లో పాతకాలం గుర్రబ్బళ్ళ నుంచి లారీల దాకా ఉంటాయి. ఊళ్ళో ఉన్నదాన్నే పేరుగా పెట్టుకున్నారు, చాలా నచ్చింది నాకు.

మధ్యాహ్నం మా పెద్దాడు ఫోన్‌లో చూసి రాకెట్ సిటీ ట్రాష్ పాండాస్‌ని మించిన పేరు లేదన్నాడు, అలబామాలో హంట్స్‌విల్ పక్కన రాకెట్లూ రకూన్లూ రెండూ ఉన్నాయి కాబట్టి అంట, చెత్తడబ్బాలు వెతుక్కునే రకూన్లని సరదాగా ట్రాష్ పాండాలంటారు. నా ఓటు మాత్రం టొలీడో మడ్ హెన్స్‌కే. 1896లో వాళ్ళు ఆడిన పార్క్ పక్కన చిత్తడి నేల, దాన్నిండా నీటికోళ్ళు, అంతే, పేరు పడిపోయింది. అవి మా క్లిప్పర్స్ లీగ్‌లోనే ఉన్నాయి, ఈసారి వచ్చినప్పుడు వెళ్ళాలి, ఆ కోడి బొమ్మ టోపీ ఒకటి కొనుక్కోవాలి.