ఐదో తరగతి గదిలో నాలుగు తరగతులు

మూడో తరగతి ముగియకుండానే 2020 మార్చిలో కోవిడ్ వల్ల బడి మూతపడి ఇంటికి వెళ్లిపోయిన పిల్లలు, బడి మళ్లీ తెరిచేసరికి ఐదో తరగతి హాజరుపట్టీలోకి ఎక్కి నా ముందు కూర్చున్నారు. నేనూ ఏమీ జరగనట్టే ఐదో తరగతి వాచకం తెరిచాను. ముందు వరుసలోని ఆరేడుగురు గడగడా చదువుతుంటే మిగిలినవారు గొంతు కలిపారు. ఆ గొంతు కలపడాన్నే చదవడమని నేను నాలుగు రోజులు నమ్మాను. ఐదో రోజున ఒక అబ్బాయిని ఒక్కడినే చదవమన్నప్పుడు, అతని వేలు ఒక వరుస మీద, నోరు మరో వరుస మీద ఉన్నాయని గమనించాను.

అప్పుడు పాఠం ఆపి, ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచి విడిగా చదివించాను. అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ అనే నాలుగు మెట్లలో ఎవరు ఎక్కడ ఆగుతున్నారో రాసుకున్నాను. వచ్చిన 34 మందిని చూడడానికి మూడు రోజులు పట్టింది. కథ చదివినవారు ఎనిమిది మంది, పేరా దగ్గర ఆగినవారు ఏడుగురు, పదాలను కూడబలుక్కునేవారు పదకొండు మంది, అక్షరాల దగ్గరే ఉండిపోయినవారు ఎనిమిది మంది.

ప్రతి పేరు పక్కన ఇంట్లో ఫోన్ ఉందా అని కూడా రాయబోయి, ఆ ప్రశ్నే సరైనది కాదని గ్రహించాను. చాలా ఇళ్లలో ఫోన్ ఉంది, కానీ అది ఉదయం తండ్రితో పాటు పనికి వెళ్లి, పాఠాలన్నీ అయిపోయాక రాత్రికి తిరిగివచ్చేది. దూరవిద్య ఏ రూపంలోనూ అందని పిల్లలు ప్రపంచంలో కనీసం 46.3 కోట్ల మంది ఉన్నారని యునిసెఫ్ 2020 ఆగస్టులో అంచనా వేసింది. ఫోన్ ఉండీ పాఠం వినని నా పిల్లల వంటివారు అందులో ఎంతమేరకు లెక్కకు వచ్చారో అన్న సందేహం నన్ను వదలలేదు. కథ చదివిన ఎనిమిది మందిలో ఇద్దరికి అసలు ఫోనే లేదు, వారిని ఇంట్లో అక్కలు కూర్చోబెట్టి చదివించారు. ఇంటర్నెట్‌కు లోటు లేని నెదర్లాండ్స్‌లో సైతం, ఎనిమిది వారాల మూసివేత తరువాత, తల్లిదండ్రులకు చదువు తక్కువగా ఉన్న ఇళ్ల పిల్లల్లో నష్టం మిగిలినవారికంటే 60 శాతం వరకు ఎక్కువగా ఉన్నట్టు పరిశోధకులు తేల్చారు. పరికరాలు పంచితే అంతరం పూడుతుందన్న మాట నాకు అప్పటినుంచీ మింగుడుపడదు.

రోజుకు గంటన్నర చదవడానికే ఇవ్వాలని ప్రధానోపాధ్యాయుడిని అడిగాను. సిలబస్ ఎవరు పూర్తిచేస్తారన్నది ఆయన ప్రశ్న, అది అన్యాయమైన ప్రశ్నేమీ కాదు. చివరకు ఎనిమిది వారాల గడువుతో ఒక గంట దక్కింది. ఆ గంటలో మూడు, నాలుగు, ఐదు తరగతులను కలిపి, వయసును పక్కనపెట్టి, చదవగలిగిన మెట్టును బట్టి కూర్చోబెట్టాము. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ భారత్‌లో మొదలుపెట్టగా ఆఫ్రికా దేశాలకూ చేరిన పద్ధతి ఇదే.

కాగితం మీద తేలికగా కనిపించిన ఈ ఏర్పాటులో నేను ఊహించనిది సిగ్గు. తరగతిలో అందరికంటే పొడవైన అమ్మాయి మూడో తరగతి పిల్లల మధ్య కూర్చోవలసివచ్చి, మర్నాటి నుంచి రెండు రోజులు బడికి రాలేదు. ఆ తరువాత పెద్ద పిల్లలకు వేరే చాప వేసి, మాటలు తేలికగానే ఉన్నా విషయం వారి వయసుకు తగినట్టుండే పేరాలను నేనే రాసి ఇచ్చాను. చదవడం వచ్చిన పిల్లల తల్లిదండ్రులు మాత్రం, తమవారిని నేను పట్టించుకోవడం లేదని నిలదీశారు. ఆ పిల్లలకు కథల పుస్తకాలు ఇచ్చి వదిలేసిన మాట నిజమే కనుక నేను వాదించలేదు.

ఎనిమిది వారాల తరువాత, అక్షరాల దగ్గర ఆగిన ఎనిమిది మందిలో ఆరుగురు పేరా వరకు వచ్చారు. మిగిలిన ఇద్దరిలో ఒకరికి నల్లబల్ల మీది రాత కనిపించడం లేదని అప్పుడు తెలిసింది. ఆ సంగతి మొదటి రోజే చూడవలసింది.

హాజరుపట్టీలో ఉండీ రాని పిల్లలు మరో ఇద్దరు. ఒక అమ్మాయి ఇంట్లో తమ్ముణ్ణి చూసుకుంటోంది, వాడిని వెంటబెట్టుకు రావచ్చని చెప్పగానే వచ్చింది. అబ్బాయి పనిలో చేరాడు, అతను తెచ్చే కూలి అప్పటికే ఇంటి లెక్కలో కలిసిపోయింది. మూడుసార్లు వెళ్లాను, రాలేదు. మా బడి ఫలితాల్లో అతని వల్ల సగటు తగ్గలేదు, ఎందుకంటే పరీక్షకు కూర్చోనివాడు సగటులో ఉండడు.

ఏడాది చివర, పై బడికి వెళ్లే ప్రతి పిల్లవాడికీ ఏ మెట్టు మీద ఉన్నాడో, ఏ చోట తడబడతాడో అరపేజీలో రాసి తీసుకువెళ్లాను. టీసీలు తప్ప మరేమీ తీసుకునే ఏర్పాటు లేదని అక్కడి కార్యాలయంలో చెప్పారు. ఎవరి కాగితాన్ని వారి టీసీ వెనుక పిన్ను కొట్టి ఇచ్చి వచ్చాను.